పూసకట్టిన గ్లాసు

ఆ గ్లాసు వంగినప్పుడు నాకు సంతోషం కలిగింది. ఇన్నేళ్లు రోజూ ఏదో ఒకటి రాస్తూ బతికినవాణ్ని, ఈ ఒక్క వాక్యం రాయడానికి మాత్రం చాలా కాలం తీసుకున్నాను.

అఫ్జల్‌గంజ్‌లో ఒక చాయ్ హోటల్ ఉంది. గురువారం నాకు పత్రికలో వారపు సెలవు. ప్రతి గురువారం పొద్దున పది గంటలకు నేనూ, గౌలిపురలో నాతో కలిసి పెరిగిన నా స్నేహితుడూ అక్కడ కలుస్తాం. ముప్పై ఏళ్ల అలవాటు. ఆ రోజు వాడు రుమాలులో చుట్టి ఒక చిన్న గ్లాసు తెచ్చాడు. గాజులా తేటగా ఉంది. గోటితో కొడితే టంగుమంది. మక్కజొన్న నుంచి తీసిన ప్లాస్టిక్ అది. తన షెడ్డులో పోసిన మొదటి గ్లాసు. వాడు దాన్ని తీసుకెళ్లి గల్లా మీద, హోటల్ యజమాని ముందు పెట్టాడు.

"చాయ్ పొయ్యి భాయ్," అన్నాడు.

యజమాని అరవై దాటిన మనిషి. హోటల్ వాళ్ల నాన్న పెట్టింది. తెలుగు, దక్కనీ రెండూ కలిపి మాట్లాడతాడు. గ్లాసును వెలుతురుకు ఎత్తి చూసి, మెచ్చుకున్నట్టు తలూపి, పొగలు కక్కే చాయ్ దాని నిండా పోశాడు. మొదట ఏమీ కాలేదు. ముగ్గురం చూస్తూ నిలబడ్డాం. తర్వాత ఒక పక్క మెత్తబడింది. అంచు మెల్లగా కిందికి జారింది. నడుము పట్టు తప్పిన మనిషిలా గ్లాసు మొత్తం ముందుకు వాలిపోయి, చాయ్ గల్లా మీదుగా పారి ఆయన లుంగీ మీద పడింది.

"చూడు భాయ్, నీ గ్లాసు నాకు సలాం కొడ్తున్నది," అన్నాడు యజమాని.

ముందు నవ్వింది నా స్నేహితుడే. యజమాని నవ్వాడు. నేనూ నవ్వాను. వాళ్ల నవ్వు ఆగిపోయాక కూడా నాది లోపల సాగుతూనే ఉంది.

గుడ్డతో గల్లా తుడుస్తూ యజమాని తన మాట చెప్పాడు. "పార్సిల్ చాయ్‌కి కాగితం గ్లాసులు వాడ్తున్న. దాని లోపల గూడ సన్నటి ప్లాస్టికే ఉంటదంట. గిరాకులు పేపర్ల సదివి వచ్చి నాతోని లొల్లి పెట్టుకుంటున్నరు. నీది నిలబడితే నా హోటల్‌కు, నా ఇద్దరు తమ్ముళ్ల హోటళ్లకు నీ దగ్గర్నే తీస్కుంట. రంజాన్ కంటే ముందు తేవాలె. నిలబడకుంటె మాత్రం నాకేం పని?"

"తెస్త భాయ్. ఫికర్ చెయ్యకు."

వాడు ఎందుకంత తొందరగా మాటిచ్చాడో నాకు తెలుసు. చాంద్రాయణగుట్టలో ఫ్లైఓవర్ పక్క గల్లీలో వాడికి అద్దెకు తీసుకున్న రేకుల షెడ్డు ఒకటి ఉంది. అందులో ప్లాస్టిక్ కరిగించి అచ్చులోకి పోసే మిషన్లు రెండు. ఇరవై ఏళ్లు వాటి మీద, ఒకసారి వాడి పారేసే గ్లాసులూ చెంచాలూ చేశాడు. అవి నిషేధంలోకి వచ్చాక మిషన్లు ఆగాయి. ఏవో మూతలు పోసి కొన్నాళ్లు నెట్టుకొచ్చాడు. ఇక మిగిలిన దారి ఇదొక్కటే. మక్కజొన్న గ్లాసు చాయ్ వేడికి నిలబడాలి. లేకపోతే రెండు మిషన్లూ అమ్మేసి షెడ్డు తాళం తిరిగి ఇచ్చేయాలి.

ఈ దారి వాడికి చూపించింది నేనే. నేననడం కంటే, పేరు లేకుండా అచ్చయిన నా రాత అనడం సరైనది. చాలా ఏళ్ల కింద మా పత్రికలో సైన్సు పేజీ చూసేవాణ్ని. మొక్కల నుంచి తీసే ప్లాస్టిక్ గురించి చిన్న వ్యాసం రాశాను. పేజీ పెట్టేటప్పుడు అడుగున కాస్త చోటు మిగిలింది. "అయితే వేడిని తట్టుకోలేకపోవడం ఈ ప్లాస్టిక్‌లో ఉన్న లోపం" అని ఒక వాక్యం చేర్చి నింపాను. మా పనిలో చివరి వాక్యానికి విలువ ఉండదు. చోటు చాలకపోతే మొట్టమొదట కోసేది దాన్నే. మర్నాటికి నేను మరిచిపోయాను. వాడు మాత్రం ఆ ముక్క కత్తిరించి దాచుకున్నాడు. ఆ చివరి వాక్యం కింద పెన్సిల్‌తో గీత కూడా గీశాడు. ఆ ఒక్క లోపం పోగొడితే చాలనుకున్నాడు. నేను చోటు నింపడానికి రాసినదాన్ని పట్టుకుని వాడు తన షెడ్డును నిలబెట్టుకోబోతున్నాడు. అది చూసినప్పుడు గర్వపడాల్సింది. నాకు గర్వం రాలేదు.

మాది గౌలిపురలో ఒకే గల్లీ. వాళ్లది పాల ఇల్లు. మా చిన్నప్పుడు వాళ్ల వాకిట్లో ఎనిమిది బర్రెలు ఉండేవి. మా నాన్న ప్రెస్సులో అక్షరాలు కూర్చేవాడు. నేను తరగతిలో మొదటివాణ్ని, వాడు పదో తరగతిని మూడోసారికి గట్టెక్కినవాడు. గ్రహణం ఎందుకు పడుతుంది, బల్బులో తీగ ఎందుకు కాలిపోదు, ఉల్లిగడ్డ కోస్తే కన్నీళ్లు ఎందుకొస్తాయి అని వాడు అడిగేవాడు, నేను చెప్పేవాణ్ని. పెద్దయ్యాక కరెంటు మీటరు దరఖాస్తు, మిషన్‌తో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం, డాక్టరు రాసిన చీటీ. వాడు అడగడం, నేను చెప్పడం. మా స్నేహం ఆ రెండు కాళ్ల మీదే నడిచింది. నాకంటే వాడు బాగా బతికిన రోజులు ఉన్నాయి. వాడు కారు కొన్నప్పుడు ముందు సీట్లో కూర్చుని ఊరంతా తిరిగాను, మనసులో ఏమీ పెట్టుకోలేదు. నాకు తెలియనిది వాడికి తెలియడాన్ని మాత్రం ఓర్వలేకపోయాను.

ఆ రోజు ఇంటికి వెళ్లి గ్లాసు వంగిన సంగతి నా భార్యకు చెప్పాను. చిక్కుడుకాయలు తుంచుతూ వింటున్న ఆమె తలెత్తి నా మొహం చూసింది.

"వాళ్ల గ్లాసు వంగితే మనింట్ల గీ నవ్వేంది?" అంది.

ఎండాకాలంలో ఇంకో దెబ్బ తగిలింది. చల్లటి షర్బత్‌కైనా పనికొస్తాయని గ్లాసులను ఒకదాంట్లో ఒకటి పేర్చి, అట్టపెట్టెల్లో సర్ది, మూసిన ఆటో ట్రాలీలో పెట్టాడు. డ్రైవరు అన్నం తిని వచ్చేదాకా ట్రాలీ ఎండలో నిలబడింది. పెట్టె తెరిస్తే గ్లాసులన్నీ ఒకదాన్నొకటి కరుచుకుని చెరుకు గడలా అయ్యాయి. చాయ్ దాకా పోనక్కర లేకుండా ఆ ఎండే వాటి పని పట్టింది. వాడు ఆ గడను పట్టుకుని నాకు చూపిస్తుంటే "అయ్యో" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నాకు ఇప్పటికీ గుర్తుంది.

వానలు మొదలయ్యాక వాడికో ఆలోచన వచ్చింది. పచ్చి కుండను కాలిస్తే గట్టిపడుతుంది కదా, గ్లాసును కూడా అలాగే కాల్చి చూద్దామనుకున్నాడు. మా గల్లీ మలుపులో బేకరీ ఉంది. మధ్యాహ్నానికి బిస్కట్లు దించేసి, నిప్పు లాగేశాక కూడా బట్టీ చాలాసేపు వెచ్చగా ఉంటుంది. బేకరీ అతన్ని బతిమాలి రెండు రేకుల నిండా గ్లాసులు లోపల పెట్టించాడు. రేకుల మీద చోటు చాలలేదు. మిగిలిన ఐదారు గ్లాసులను వాళ్లింటి స్టీలు గ్లాసుల మీద బోర్లించి ఒక మూలకు తోశాడు.

సాయంత్రం తీస్తే, రేకుల మీద ఉన్నవన్నీ ఎండిన ఉసిరికాయల్లా ముడుచుకుపోయాయి. బేకరీ అతను వాటిని చూసి, "ఇవి కిలో ఎంతకమ్ముతవ్ అన్నా?" అన్నాడు. నాకు మళ్లీ నవ్వొచ్చింది. కానీ వాడు ఆ మూలన ఉన్న స్టీలు గ్లాసుల వైపు చూస్తున్నాడు. వాటి మీద బోర్లించినవి ముడుచుకోలేదు. లోపల స్టీలు గ్లాసు పట్టుకుని ఉండడంతో ఆకారం చెడలేదు. అయితే ముందటి తేటదనం పోయి పాలలా తెల్లబడ్డాయి.

వాడు ఒకదాన్ని తీసి, బేకరీ పొయ్యి మీద మరుగుతున్న నీళ్లు అందులో పోశాడు. గ్లాసు నిలబడింది. నీళ్లు చల్లారేదాకా అక్కడే నిలబడింది.

"ఏందిరా ఇది పేపరోడా?" అన్నాడు వాడు. చిన్నప్పటి నుంచి నన్ను పిలిచే పిలుపు అది. "గివే ఎందుకు నిలబడ్డయ్? ఎందుకు తెల్లగైనయ్?"

నాకు తెలియలేదు. "చూసి చెప్త," అన్నాను.

రెండు రోజులు పత్రికాఫీసు కంప్యూటరు ముందు కూర్చుని చదివాను. కరిగిన ఈ ప్లాస్టిక్‌ను గబుక్కున చల్లారిస్తే లోపలి అణువుల గొలుసులు చిక్కుపడినవి చిక్కుపడినట్టే ఆగిపోతాయి. అలా ఆగిపోయినది అద్దంలా తేటగా ఉంటుంది, కానీ కాస్త వేడి తగలగానే మెత్తబడుతుంది. తగినంత వేడిలో కొంతసేపు ఉంచితే ఆ గొలుసులు వరసలు కట్టి స్ఫటికాలుగా మారతాయి. అప్పుడు తెల్లబడుతుంది, ఇంకా ఎక్కువ వేడికి ఆగుతుంది. ఇదంతా ఒక కాగితం మీద వరసగా రాసుకుని గురువారం హోటల్‌కు వెళ్లాను. చాలా రోజుల తర్వాత హుషారుగా నడిచాను.

నేను కాగితం తీసేలోపే వాడు మొదలుపెట్టాడు. "మా అమ్మ నెయ్యి లెక్కరా ఇది. కాగిన నెయ్యిని నీళ్లల్ల పెట్టి జల్ది చల్లార్చినవనుకో, గంజి లెక్క అయితది. పొయ్యి మీదనే ఉంచి గుడ్డ కప్పినవనుకో, తెల్లారేసరికి పూస కడ్తది. గ్లాసు గూడ లోపల పూస కట్టింది. అందుకే తెల్లగైంది, అందుకే వంగలే."

"దాన్ని స్ఫటికీకరణ అంటరు," అన్నాను.

"గదే. పూస కట్టుడు."

నా కాగితంలో ఉన్నదంతా వాడు నాలుగు మాటల్లో చెప్పేశాడు. తప్పేమైనా ఉందా అని వెతికాను. లేదు. కాగితం మడిచి చాయ్ గ్లాసు కింద పెట్టాను, తడి పీల్చుకుంది.

అక్కడి నుంచి వాడు ఆగలేదు. గ్లాసును పోసి తర్వాత కాల్చడం ఎందుకు, అచ్చునే వేడిగా ఉంచి లోపలే పూస కట్టనిద్దాం అనుకున్నాడు. దసరా నాటికి అచ్చుకు వేడి పెట్టే ఏర్పాటు చేయించాడు. గ్లాసు తెల్లగా బయటికి వచ్చింది, మరిగే చాయ్‌కి నిలబడింది. కానీ ఒక్కో గ్లాసు అచ్చులో చాలాసేపు కూర్చోవాలి. తొందరపడి తీస్తే మెత్తగా చేతికి అంటుకునేది. షెడ్డుకు వెళ్తే రెండు మిషన్లూ అచ్చులు మూసుకుని ఊరికే నిలబడి ఉండేవి. వాడు స్టూలు మీద కూర్చుని గోడ గడియారం చూస్తుండేవాడు. వాడి తల్లి ఒకసారి షెడ్డుకు వచ్చి, "బర్రె పాలియ్యనీకె గూడ గింత సేపు పట్టదురా," అని వెళ్లిపోయిందట.

హోటల్ యజమాని ఆ తెల్ల గ్లాసులు నాలుగు చూసి సంతోషపడ్డాడు. "రోజు ఎన్ని ఇస్తవ్?" అని అడిగాడు. వాడు చెప్పాడు. యజమాని గ్లాసును మెల్లగా కింద పెట్టాడు. "పొద్దుందాక పోస్తే నాకు ఒక పూటకు గూడ సరిపోవు భాయ్. రంజాన్‌ల ఏం చేస్తవ్?"

బయటికి వచ్చాక వాడు నా భుజం మీద చెయ్యి వేశాడు. "నీకు పెద్ద పెద్దోళ్లు తెల్సు గదరా. ఎవర్నన్న అడుగు. పూస జల్ది కట్టనీకె ఏమన్న మందు ఉన్నదా అని. మక్కజొన్న ప్లాస్టిక్ గింజలు అయిపోతున్నయ్. గియ్యి గూడ అయిపోతే ఒక మిషన్ తీసేయాల్సి వస్తది."

అప్పుడు నాకు హాయిగా అనిపించింది. వాడు మళ్లీ అడిగాడు.

నగరానికి అవతలి వైపున ఒక ప్రయోగశాలలో పనిచేసి రిటైరైన రసాయన శాస్త్రవేత్త ఒకామె నాకు తెలుసు. సైన్సు పేజీ చూసే రోజుల్లో ఏ సందేహం వచ్చినా ఆమెకే ఫోన్ చేసేవాణ్ని. ఒక బుధవారం సాయంత్రం ఆఫీసు నుంచి చేశాను. ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు.

"స్ఫటికాలు వాటంతట అవి మొదలుకావడానికే టైము పడుతుందండీ. పట్టుకోవడానికి ఏదైనా దొరికితే వెంటనే మొదలవుతాయి. బలపపు రాయి పొడి ఉంటుంది చూడండి, మెత్తగా నూరింది, అది కొద్దిగా కలపమనండి. ఆ వేడికి అది కరగదు. ఒక్కో రేణువు దగ్గర ఒక్కో స్ఫటికం మొదలవుతుంది. అచ్చు మాత్రం వేడిగానే ఉంచాలి. కావాలంటే ఆయన్ని నాకే ఫోన్ చేయమనండి."

చేతికందిన పేజీ ప్రూఫు చివర చింపి దాని మీద రాసుకున్నాను. బలపపు రాయి పొడి, కొద్దిగా. కింద ఆమె ఫోన్ నంబరు. మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాను. మర్నాడు వాడికి ఇచ్చేయాలి. అంతే పని.

గురువారం నేను ముందే వెళ్లి నా కుర్చీలో కూర్చున్నాను. ఆ హోటల్‌లో ముప్పై ఏళ్లుగా నేను పేపర్ సాబ్‌ని. వాడు గుమ్మంలో కనబడగానే యజమాని గల్లా వెనక నుంచి లేచాడు. "ఆవో, ఆవో, సైంటిస్ట్ సాబ్," అని ఎదురెళ్లి, నా వైపు తిరిగి, "జర నీ కుర్చీ జరుపు భాయ్, సాబ్ కూసుంటడు," అన్నాడు.

నేను కుర్చీ జరిపాను.

వాడు కూర్చున్నాడు. బాగా అలసిపోయి ఉన్నాడు, వేళ్ల మీద అచ్చు వేడికి కాలిన మచ్చలు ఉన్నాయి. "దొరికిండ్రా ఎవరన్న?" అని అడిగాడు.

"ఇంకా లేదురా. అందరు బిజీగున్నరు."

ఆ మాట నేను ముందుగా అనుకుని అన్నది కాదు. కానీ అన్న తర్వాత వెనక్కి తీసుకునే సమయం చాలా ఉంది. రెండు చాయ్‌లు తాగాం. బిస్కట్లు తిన్నాం. వాడు అచ్చు గురించి చెబుతూనే ఉన్నాడు. చీటీ నా జేబులోనే ఉంది.

"మెల్లగ అడుగు. తొందరేం లేదు," అన్నాడు వెళ్లేటప్పుడు. తొందర ఉందని ఇద్దరికీ తెలుసు.

తర్వాతి గురువారం వాడు మళ్లీ అడిగాడు, నేను మళ్లీ అదే చెప్పాను. మూడో గురువారం అడగలేదు. చీటీ ఒక చొక్కా జేబులోంచి ఇంకో చొక్కా జేబులోకి మారుతూ వచ్చింది. ఒకసారి ఉతికేముందు నా భార్య జేబులు తడిమి, "ఈ బలపం చీటీ పారెయ్యాల్నా?" అని అడిగింది. "ఉండనీ," అన్నాను. ఎందుకు దాచావని ఎవరైనా నిలదీసి ఉంటే ఏదో ఒక కారణం చెప్పేవాణ్నే. వాడు ఇంకొంత కష్టపడాలనుకున్నాను. ఇంకోసారి అడగాలనుకున్నాను. కొంచెం బతిమాలాలనుకున్నాను. ఈసారి వాడు నెగ్గితే అది నా చేతి మీదుగా నెగ్గాలి, అది కూడా నాకు ఇష్టమైన రోజున.

నాలుగో వారం మంగళవారం ఆఫీసుకు వెళ్తూ షెడ్డు దగ్గర దిగాను. లోపల ఒకే మిషన్ ఉంది. రెండోది ఉన్న చోట నేల నలుచదరంగా శుభ్రంగా ఉంది. నాలుగు బోల్టులు పైకి పొడుచుకుని ఉన్నాయి.

"నిన్న పోయింది," అన్నాడు వాడు. "గింజలు కొనాలె గదా. ఒకటి పోతెనే ఇంకొకటి నడుస్తది."

"నాకు చెప్పకపోయినవ్."

"చెప్తె ఏం చేస్తవ్? మోస్తవా?" అని నవ్వాడు. ఆ బోల్టులకు తగలకుండా పక్క నుంచి నడిచి వెళ్లి మళ్లీ స్టూలు మీద కూర్చున్నాడు.

ఆ ఆదివారం మధ్యాహ్నం వాళ్లింట్లో భోజనానికి పిలిచారు. ఇప్పుడు ఆ వాకిట్లో బర్రెలు లేవు, రెండు స్కూటర్లు ఉన్నాయి. అయినా వాడి తల్లి ఊరి అవతల చుట్టాల ఇంటి నుంచి పాలు తెప్పించి, మీగడ తీసి, నెయ్యి తనే కాస్తుంది. నా ప్లేటులో పప్పు మీద నెయ్యి వేసింది. ఇసుకలా పూసపూసగా ఉంది.

"రాత్రి కాసిందేనా పెద్దమ్మా? మంచిగ పూస కట్టింది," అన్నాను.

"కాదు బిడ్డా, పొద్దున్నే కాసిన. జల్ది కట్టనీకె జర గోరువెచ్చగ అయినంక పాత నెయ్యి ఒక చెంచ వేస్త. కొత్తది దాన్ని చూసి నేర్సుకుంటది," అంది ఆమె.

వాడు నములుతున్నవాడు ఆగిపోయాడు. ముద్ద బుగ్గలో అలాగే ఉంది. వాడికి ఏం తట్టబోతోందో వాడికంటే ముందు నాకు తెలుసు. ఆ ఆలోచన వాడి మొహం మీదకు వస్తుంటే ఎదురుగా కూర్చుని చూశాను. అప్పుడైనా జేబులో చెయ్యి పెట్టి ఉండొచ్చు. నెయ్యి ఇంకొంచెం వేయించుకుని తిన్నాను.

మొదట వాడు తెల్ల గ్లాసులనే పొడి చేసి కొత్త గింజల్లో కలిపాడు, పాత నెయ్యి చెంచా లెక్కన. మిషన్ వేడికి ఆ పొడి కూడా కరిగిపోయింది, లాభం లేదు. అయితే కరగనిదేదో వేయాలని తెలిసింది. ఇంట్లో కళ్లముందు ఉన్న మెత్తటి పొడి మొహానికి పూసుకునే పౌడరు. అది కలిపాడు. మునుపు గడియారం చూస్తూ కూర్చోబెట్టిన గ్లాసు, ఈసారి బీడీ ముట్టించి రెండు దమ్ములు లాగేలోపు గట్టిపడి బయటికి వచ్చింది. వెంటనే నాకు ఫోన్ చేసి చెప్పాడు. "మంచిదిరా," అన్నాను. ఫోన్ పెట్టేశాక చాలాసేపు ఏ వార్తా దిద్దలేకపోయాను. ఇవ్వడానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక్క వస్తువు కూడా వాడికి అవసరం లేకుండా పోయింది.

ఆ గ్లాసులో చాయ్ పోస్తే మల్లెపూల వాసన వచ్చింది. హోటల్ యజమాని ఒక గుక్క తాగి, "చాయ్ తాగుతున్ననా, పెండ్లిపిల్ల పక్కన కూసున్ననా?" అన్నాడు. తర్వాత వాడు వాసన లేని, తిండి వస్తువులకు వాడే రకం పొడి దొరికే దుకాణం వెతికి పట్టుకున్నాడు. సంచీతో హోటల్‌కే వచ్చి, చిటికెడు నా అరచేతిలో పోశాడు. "బలపాలు చేసే రాయి పొడి అంటరా. బడిల మనం తిన్నది గిదే." నేను దాన్ని వేళ్ల మధ్య నలిపాను. చిన్నప్పటి పలక వాసన వచ్చింది.

రంజాన్‌కు ఇంకా పది పన్నెండు రోజులుందనగా అసలు పరీక్ష జరిగింది. వాడు తెల్ల గ్లాసును గల్లా మీద పెట్టాడు, మునుపటి చోటే. యజమాని చాయ్ పోశాడు. ఈసారి లుంగీ వెనక్కి లాక్కుని నిలబడ్డాడు. గిరాకులు కూడా నలుగురు పోగయ్యారు. గ్లాసు నిలబడింది. యజమాని అందులోది తాగేసి, మళ్లీ నింపి, గిరాకులకు చిల్లర ఇచ్చి, వచ్చి చూశాడు. నిలబడే ఉంది. వంగి దాని చుట్టూ తిరిగి చూసి, "ఈసారి సలాం కొడ్తలేదు. నేనే కొట్టాలె," అని చెయ్యి నుదుటికి తాకించాడు. ఒక్క మిషన్‌తో ఎన్ని వస్తాయో అన్నీ తనకే కావాలన్నాడు. తమ్ముళ్ల హోటళ్లకు మాత్రం ఇప్పుడే చాలవు, ఆ సంగతి తర్వాత చూద్దామన్నాడు.

నేను పక్కన నిలబడి ఆ గ్లాసు అంచునే చూస్తున్నాను. ఏ క్షణమైనా అది కొంచెం, ఒక్క పక్కకు, వంగుతుందేమోనని. వంగాలని కోరుకున్నానా అంటే, కోరుకున్నాను.

అప్పుడు వాడు జేబులోంచి ఒక కవరు, అందులోంచి ఆ పాత పత్రిక ముక్క తీశాడు. "భాయ్, ఇదంత వీని ఒక్క మాటతోని షురువైంది. గిదిగో, గీత గీసిన చూడు. నేను పదిల తప్పినోన్ని. సదివి చెప్పినోడు వీడు."

యజమానికి తెలుగు చదవడం రాకపోయినా ముక్కను రెండు చేతులా పట్టుకుని చూశాడు. "మాఫ్ కరో పేపర్ సాబ్," అని ఇంకో తెల్ల గ్లాసులో చాయ్ పోసి నా చేతికిచ్చాడు. వేడి నా వేళ్లకు తగిలింది. గ్లాసు గట్టిగా, నిటారుగా ఉంది. నేను తాగలేకపోయాను. గ్లాసు బల్ల మీద పెట్టి, జేబులోంచి చీటీ తీసి వాడి ముందు పెట్టాను.

వాడు మెల్లగా చదివాడు. నా చేతిరాత వాడికి చిన్నప్పటి నుంచి తెలుసు. మా పత్రికలో పేజీ ప్రూఫు మీద తేదీ పడుతుంది. చింపిన ఆ చివర అది స్పష్టంగా ఉంది. వాడి పెదవులు ఆ తేదీ దగ్గర ఆగాయి.

"మిషన్ పోక ముందటిది," అన్నాడు.

"అవును."

"యాద్ మర్చినవా?"

నేను తప్పించుకోవడానికి వాడే తలుపు తెరిచి పట్టుకున్నాడు. అవునంటే అక్కడితో అయిపోయేది.

"లేదు," అన్నాను.

వాడు నా మొహం చూడలేదు. చీటీని మడిచి, పత్రిక ముక్కతో పాటు అదే కవరులో పెట్టుకున్నాడు. తన గ్లాసులో మిగిలిన చాయ్ చివరిదాకా తాగాడు. "క్యా హువా?" అన్నాడు యజమాని. "ఏం లేదు భాయ్. గ్లాసు మంచిగుంది," అని చెప్పి లేచి వెళ్లిపోయాడు.

మూడు గురువారాలు రాలేదు. నాలుగో గురువారం వచ్చి నా ఎదురు కుర్చీలో కూర్చున్నాడు. చాయ్ చెప్పాడు. వాళ్లమ్మ మోకాళ్ల నొప్పుల గురించి, ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్ గురించి మాట్లాడాడు. ఆ మిషన్ మాట ఆ రోజు ఎత్తలేదు, తర్వాత కూడా ఎత్తలేదు. ఒక్కటే మారింది. ఇప్పుడు వాడు నన్ను ఏదీ అడగడు.

చీటీ మీద ఆ శాస్త్రవేత్త నంబరు ఉంది కదా. వాడు ఆమెకే ఫోన్ చేస్తాడు. ఒకరోజు ఆమె నాకు ఫోన్ చేసి, "మీ స్నేహితుడు ఎంత మంచి ప్రశ్నలు అడుగుతారండీ, నేను కూడా కాసేపు ఆలోచించాల్సి వస్తోంది," అంది. ఇన్నేళ్లు ఎన్నోసార్లు ఆమెకు ఫోన్ చేశాను. నా ప్రశ్నల గురించి ఎప్పుడూ అలా అనలేదు.

మొన్న గురువారం వాడు గ్లాసుకు మూత తెచ్చాడు. తెల్లగా, పల్చగా, తాగడానికి చిన్న చీలికతో ఉంది. నేను చెయ్యి చాపితే ఇచ్చాడు. చాయ్ గ్లాసు మీద పెట్టి చూశాను. ఆవిరికి కూడా ఉబ్బలేదు.

"ఇంత పల్చగున్నది, ముడుచుకోకుండ ఎట్ల ఆగిందిరా?" అని అడిగాను.

వాడు తన చాయ్ గ్లాసు పక్కకు జరిపాడు. తర్వాత కుర్చీ దగ్గరకు లాక్కుని, మూతను బల్ల మీద బోర్లించి, వేలితో చూపిస్తూ మొదటి నుంచి చెప్పడం మొదలుపెట్టాడు. నెమ్మదిగా, నాకు అర్థమయ్యేలా చెప్పాడు. మధ్యలో ఆగి, "సమజైందా?" అని రెండుసార్లు అడిగాడు. నేను తలూపుతూ విన్నాను. తప్పు పట్టడానికి ఒక్క మాట దొరుకుతుందేమోనని చివరిదాకా చూశాను. దొరకలేదు.